తొండ ముదిరితే ఊసరవెల్లి కాదు

నాకు తొమ్మిదేళ్ళ వయసులో, కళ్యాణదుర్గం వైపున్న మా పల్లెలో, మా చిన్నాయన కొడుకూ నేనూ కలిసి ఊసరవెల్లి మీద ఒక పరీక్ష చేశాం. సెనిక్కాయ చేను గట్టున కానుగ చెట్టు మీద కనబడినదాన్ని కొమ్మతో సహా విరుచుకొని ఇంటికి తెచ్చి, వాకిట్లో నులక మంచం మీద ఆరేసిన మా అమ్మ ఎర్ర చీర మీద దించి, అది ఎప్పుడు ఎర్రబడుతుందా అని ఇద్దరమూ గొంతుక్కూర్చొని ఎదురుచూశాం. ఎరుపు రాలేదు. తెచ్చేటప్పుడు లేత ఆకులా ఉన్న ఒంటి మీద ముందు మచ్చలు తేలాయి, తర్వాత పచ్చదనమంతా మట్టిరంగుకు తిరిగింది, చివరికి నిప్పుల మీద కాల్చిన వంకాయలా నల్లబడి, పక్కలు ఉబ్బించి, నోరు బార్లా తెరిచి మా మీద బుస్సుమంది. ఎర్ర రంగు దానికి చేతకాదేమోనని మా నాయన పచ్చ తువ్వాల పరిచి దాని మీదికి మార్చాం. పచ్చ తువ్వాల మీద కూడా అది నల్లగానే ఉంది.

"ఇది దొంగ ఊసరవెల్లిరా, దీనికి రంగులు మార్చను రాదు" అని మావాడు తేల్చేశాడు. ఇంతలో మా జేజి చీపురు పట్టుకొని వచ్చి, "ఇసప్పురుగురా అది, ఇడిసిపెట్టండి ముందు" అని ఇద్దరినీ తిట్టి, దాన్ని కొమ్మతోనే ఎత్తి గోడ అవతలి కంపలో పారేసింది. ఆ రోజుకు పరీక్ష అలా ముగిసింది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ పరీక్షలో లోపమేమీ కనబడదు. రెండు వేర్వేరు రంగుల బట్టల మీద పెట్టి చూశాం, రెండింటి మీదా ఒకే ఫలితం వచ్చింది. ఆ ఫలితాన్ని చదవడం మాకు తెలియలేదు, అంతే. రంగు మా కళ్ళ ముందే మారింది. అయితే అది చీరను బట్టి మారలేదు, మమ్మల్ని బట్టి మారింది. ఇద్దరు పిల్లకాయలు కొమ్మ విరిచి, ఎండలో నడిపించి, మెత్తగా కాలికి పట్టు దొరకని గుడ్డ మీద వదిలితే ఆ ప్రాణికి కలిగిన భయమూ కోపమూ దాని చర్మం మీద అక్షరాలా రాసినట్టు కనబడుతుంటే, మేము ఎరుపు కోసం చూస్తూ కూర్చున్నాం. మా ఇద్దరికే పరిమితమైన తప్పు అయితే దీని గురించి ఇంత రాయవలసిన పని లేదు. తెలుగు మాట్లాడేవాళ్ళమంతా కొన్ని వందల ఏళ్ళుగా ఊసరవెల్లిని ఇలాగే చదువుతున్నామనీ, నిజం దాచలేని జంతువు పేరును నిజం దాచే మనిషికి పెట్టామనీ నా ఫిర్యాదు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మనలో ఊసరవెల్లిని నిజంగా చూసినవాళ్ళు ఎంతమంది? ఈ ప్రశ్న నేను అనంతపురంలో, తాడిపత్రిలో, కర్నూలులో చాలామందిని అడిగాను. దాదాపు అందరూ చూశామనే అన్నారు. ఎలా ఉందో చెప్పమంటే మాత్రం చాలామంది వర్ణించినది తొండను. గోడ మీద తల ఆడిస్తూ ఉంటుందనీ, మనిషిని చూస్తే పరుగెత్తుతుందనీ, ఎండాకాలం మెడ ఎర్రగా అవుతుందనీ చెప్పారు. ఊసరవెల్లి పరుగెత్తదు. గాలికి ఊగే ఆకులా ముందుకూ వెనక్కూ ఊగుతూ, ఒక అడుగు వేయాలా వద్దా అని తగవు తీరుస్తున్నట్టు నడుస్తుంది. దాని కాలివేళ్ళు పట్టకారులా రెండు కట్టలుగా కలిసిపోయి ఉంటాయి: ముందు కాలికి లోపలి వైపు మూడు, బయటి వైపు రెండు, వెనక కాలికి ఇది తిరగబడుతుంది. తోకను చుట్టి కొమ్మను పట్టుకుంటుంది. రెండు కళ్ళూ రెండు దిక్కులకు వేర్వేరుగా తిరుగుతాయి. ఒంటికంటే పొడవైన నాలుకను విసిరి మిడతను లాక్కుంటుంది. ఇవేవీ తొండకు లేవు.

తొండ వేరే కుటుంబానికి చెందిన బల్లి. ఊసరవెల్లుల కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద 200కు పైగా జాతులు ఉంటే, వాటిలో సగానికి దగ్గరగా మడగాస్కర్ దీవిలోనే ఉన్నాయి. భారతదేశానికి వచ్చింది ఒక్కటే. కమీలియో జైలానికస్ అని 1768లో లారెంటి అనే శాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. తొండకు 1802లో దొదాఁ అనే ఇంకో శాస్త్రవేత్త కలోటిస్ వర్సికలర్ అని పేరు పెట్టాడు. వర్సికలర్ అంటే లాటిన్‌లో రంగులు మార్చేది అని అర్థం. అంటే రంగులు మార్చే బిరుదు శాస్త్రం ప్రకారం తొండకే దక్కింది! సంతాన కాలంలో మగ తొండ తలా భుజాలూ ఎర్రబడి, గొంతు మీద నల్లని మచ్చ తేలి, గోడ మీద ముందు కాళ్ళతో లేస్తూ వంగుతూ ఇంకో మగదాన్ని సవాలు చేస్తుంది. ఆ ఎరుపు చూసి మా ఊళ్ళో అది దూరం నుంచే మనిషి రక్తం పీలుస్తుందని చెప్పి పిల్లల్ని భయపెట్టేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు కూడా దానికి రక్తం పీల్చేది అనే పేరే పెట్టారు కాబట్టి ఈ విషయంలో మా ఊరివాళ్ళను ఒక్కరినే తప్పుపట్టలేం.

తొండ ముదిరి ఊసరవెల్లి అయిందనే సామెత ఈ గందరగోళంలోంచే పుట్టి ఉంటుందని నా అనుమానం. చిన్న మోసగాడు పెద్ద మోసగాడయ్యాడని చెప్పడానికి దాన్ని వాడతాం. వెనకటివాళ్ళు రెండింటినీ చూశారు, రెండూ రంగు మార్చడం గమనించారు, ఒకటి తక్కువా మరొకటి ఎక్కువా మారుస్తుందని లెక్కవేశారు. గమనిక వరకు మెచ్చుకోవలసిందే. కానీ తొండ ఎంత ముదిరినా ముసలి తొండే అవుతుంది. తమిళులు ఈ రెండింటినీ పేర్లలోనే విడదీసుకున్నారు: తొండ వాళ్ళకు ఓణాన్, ఊసరవెల్లి పచ్చోంది. దాని మామూలు రంగు పచ్చ అని వాళ్ళ పేరే చెబుతోంది. మడకశిర, హిందూపురం వైపు కన్నడం కూడా వినబడే ఊళ్ళలో గోసుంబె అంటారు, ఊసరవళ్ళి అనే మాట కూడా వాళ్ళకు ఉంది. అక్కడ కూడా గోసుంబె అంటే తిట్టే.

పురాణాలు దాన్ని అంత చులకనగా చూడలేదు. భాగవతంలో నృగ మహారాజు ఊసరవెల్లిగా మారి పాడుబడ్డ బావిలో పడి ఉంటే కృష్ణుడు బయటికి తీస్తాడు. రాజుకు ఆ గతి పట్టింది మాట మార్చినందుకో, రంగు మార్చినందుకో కాదు. ఒక బ్రాహ్మణుడికి దానమిచ్చిన ఆవు తిరిగి మందలో కలిసిపోతే తెలియక ఇంకొకరికి దానమిచ్చినందుకు. సంస్కృతంలో ఉన్న కృకలాస శబ్దాన్ని తొండ అని చెప్పినవాళ్ళూ ఉన్నారు, ఊసరవెల్లి అని చెప్పినవాళ్ళూ ఉన్నారు కాబట్టి తికమక అక్కడ కూడా ఉంది. కనీసం కపటం మాత్రం ఆ కథలో లేదు.

ఇక రంగు ఎలా మారుతుందనే సంగతి. చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పిన సమాధానం సులువుగా ఉండేది: చర్మంలో రంగు నింపుకున్న కణాలు ఉంటాయి, వాటిలోని రంగు రేణువులు కణమంతా పరుచుకుంటే ఆ రంగు కనబడుతుంది, ఒకచోట ముద్దగా చేరితే కనబడదు. ఇందులో సగం నిజం ఉంది. నలుపు విషయంలో జరిగేది ఇదే. చర్మం అడుగు పొరల్లో మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థం నింపుకున్న కణాలు చెట్టు వేళ్ళను తిరగేసినట్టు పైకి కొమ్మలు చాచుకొని ఉంటాయి. మెలనిన్ రేణువులు ఆ కొమ్మల్లోకి పాకితే చర్మం ముదురుతుంది, వెనక్కి నడిమధ్యకు చేరుకుంటే లేతబడుతుంది. మా వాకిట్లో ఆ రోజు జరిగింది ముఖ్యంగా ఇదే అయి ఉండాలి. కానీ పచ్చ పసుపు కావడం, నీలం తెల్లబడటం ఈ లెక్కతో పూర్తిగా తేలదు. అసలు నీలం రంగు రేణువులే ఊసరవెల్లి చర్మంలో లేవు.

ఈ చిక్కును విప్పింది జెనీవా విశ్వవిద్యాలయంలో మిషెల్ మిలింకోవిచ్ బృందం. అందులో జీవశాస్త్రజ్ఞులతో పాటు భౌతికశాస్త్రజ్ఞులూ ఉన్నారు. మడగాస్కర్‌లో ఉండే పాంథర్ ఊసరవెల్లి చర్మాన్ని పరిశీలించి 2015లో వాళ్ళు ప్రకటించిన దాన్ని అర్థం చేసుకోవడానికి మా జిల్లావాళ్ళకు ధర్మవరం దాకా వెళ్తే చాలు. అక్కడి మగ్గం మీద పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి నేసిన పట్టుచీరను చూసినప్పుడు మన కంటికి రెండు రంగులూ విడివిడిగా అందవు, రెండూ కలిసిన మూడో రంగు అందుతుంది. ఊసరవెల్లి పచ్చదనం కూడా రెంటి కలయికే. పై పొరలో పసుపు వర్ణద్రవ్యం ఉన్న కణాలు, వాటి కింద నీలం కాంతిని తిప్పికొట్టే కణాలు ఉంటాయి. ఆ నీలం ఈ పసుపు గుండా బయటికి వస్తే మనకు పచ్చగా కనబడుతుంది. ధర్మవరం పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. కింది పొరలోని నీలానికి అద్దకం లేదు, అందులో నీలిమందు లాంటిది ఏమీ లేదు.

ఆ కింది కణాల్లో ఉన్నవి గ్వానిన్ అనే పదార్థపు అతి సూక్ష్మమైన స్ఫటికాలు. మన డీఎన్‌ఏలో ఉండే నాలుగు క్షారాల్లో గ్వానిన్ ఒకటి; చేప పొలుసు వెండిలా మెరవడానికీ అదే కారణం. స్ఫటికానికి సొంత రంగు లేదు. అవన్నీ ఒక పద్ధతిలో, సమాన దూరాల్లో వరుస తీరి ఉండటంతో, ఆ దూరానికి సరిపోయే తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి మాత్రమే బలపడి వెనక్కి వస్తుంది, తక్కినది లోపలికి దాటిపోతుంది. మన కంటికి కనబడే కాంతి సుమారు 400 నానోమీటర్ల ఊదా నుంచి 700 నానోమీటర్ల ఎరుపు దాకా ఉంటుంది. స్ఫటికాలు దగ్గరగా ఉంటే పొట్టి తరంగాల నీలం వెనక్కి వస్తుంది. ఎడం పెరిగేకొద్దీ పచ్చ, పసుపు, నారింజ వైపు జరుగుతుంది. నెమ్మదిగా, ఏ గొడవా లేకుండా కూర్చున్న మగ పాంథర్ ఊసరవెల్లిలో స్ఫటికాలు దగ్గరగా ఉంటాయి కాబట్టి అది పచ్చగా ఉంటుంది. ఇంకొక మగదో, ఆడదో ఎదురుపడి ఉద్రేకం కలిగితే వాటి మధ్య ఎడం పెరిగి కొద్ది నిమిషాల్లోనే పచ్చ కాస్తా పసుపుకు తిరుగుతుంది. నేతగాడు నేసేసిన చీరలో పోగుల ఎడాన్ని మార్చలేడు. ఈ ప్రాణి తన చర్మంలో ఆ పని రోజూ చేస్తోంది.

ఆ బృందం చేసిన ఒక పని నాకు అన్నిటికంటే నచ్చింది. చర్మపు ముక్కను తీసుకొని వేర్వేరు గాఢత ఉన్న ఉప్పునీళ్ళలో ఉంచితే కణాలు ఉబ్బుతూ ముడుచుకుంటూ, స్ఫటికాల ఎడం మారుతూ, కొమ్మ మీది ప్రాణిలో కనబడిన రంగుల వరుస ఆ ముక్కలో కూడా కనబడింది. చుట్టూ ఏ ఆకూ లేదు, చూసే కన్నూ లేదు; ఎడం మారితే చాలు, రంగు మారింది. ఈ స్ఫటికాల పొర కింద ఇంకొక పొర కూడా ఉంది. అందులో స్ఫటికాలు పెద్దవి, చిందరవందరగా ఉంటాయి. అవి ఎండలో ఉండే పరారుణ కాంతిలో మంచి భాగాన్ని వెనక్కి కొడతాయి కాబట్టి వేడి నుంచి కాపు కోసం అయి ఉండవచ్చని పరిశోధకులు అన్నారు. మన ఊసరవెల్లికి మడగాస్కర్ దాని హంగులు లేవు. పచ్చ, పసుపు, మట్టిరంగు, గోధుమ, నలుపు, వాటి మీద చారలూ చుక్కలూ. ఇదే దాని సంపద. ఎర్ర చీర ఎదుట పరువు నిలుపుకోవడానికి కావలసిన ఎరుపు దాని దగ్గర లేదు.

ఎలా అనేది ఇంతవరకు. ఎందుకు అనే ప్రశ్న దగ్గరే మన సామెతకూ శాస్త్రానికీ అసలు తగవు. దాక్కోవడానికే రంగు మారుస్తుందని అనుకుంటే, రకరకాల రంగుల పరిసరాల్లో బతికే జాతులకు ఎక్కువ రంగులు రావాలి, ఒకే రకం పొదల్లో బతికేవాటికి తక్కువ రావాలి. దేవి స్టువర్ట్-ఫాక్స్, అద్నాన్ మౌసల్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దక్షిణాఫ్రికాలోని మరుగుజ్జు ఊసరవెల్లుల్లో 21 వంశాలను తీసుకొని సరిగ్గా ఈ విషయాన్నే పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించారు. మగవాటిని ఒకదానికొకటి ఎదురు నిలిపారు, పక్షి బొమ్మనూ పాము బొమ్మనూ చూపించారు, ప్రతిసారీ రంగు ఎంత మారిందో కొలిచారు. పరిసరాల వైవిధ్యానికీ రంగు మార్చే శక్తికీ సంబంధం కనబడలేదు. తమ జాతివాటి కంటికి కొట్టొచ్చినట్టు కనబడే రంగులు వేసుకొనే జాతులే ఎక్కువగా రంగు మార్చగలవని తేలింది. ఈ శక్తిని పెంచి పోషించింది కనబడవలసిన అవసరం. దాక్కోవడానికి దాని మామూలు ఆకుపచ్చ చాలు. అది రంగు మార్చిన మరుక్షణం దాగుడు చెడిపోతుంది.

అరిజోనాలో రస్సెల్ లిగన్, కెవిన్ మెక్‌గ్రా 2013లో ఇంకొంచెం లోపలికి వెళ్ళారు. అరేబియా ప్రాంతపు ముసుగు ఊసరవెల్లి మగవాటిని జతలుగా ఎదురుపెట్టి చూస్తే, పక్కల మీది చారలు ఎంత ప్రకాశంగా వెలిగితే అది ఎదుటిదాని మీదికి వెళ్ళే అవకాశం అంత ఎక్కువగా ఉందని తేలింది. తల రంగు ఎంత వేగంగా, ఎంత ప్రకాశంగా మారితే గెలిచే అవకాశం అంత ఎక్కువ. ఓడిపోయేది ముదురు రంగుకు మారుతుందనీ, అలా మారితే గెలిచినది దాన్ని వెంటపడి కరవడం తగ్గిస్తుందనీ లిగన్ మరుసటి ఏడు చూపించాడు. కడుపుతో ఉన్న ఆడది కూడా ఒళ్ళు ముదురు చేసుకొని దాని మీద పసుపు, నీలం మచ్చలు తేల్చి, దగ్గరికి వచ్చే మగదాన్ని దూరంగా ఉండమంటుంది. చాలా తగవులు కరుచుకోవడం దాకా రాకుండానే తీరిపోవడానికి ఈ రంగులే కారణం.

ఇక్కడ మన భాషనే సాక్షిగా పిలవాలి. కోపం వస్తే ముఖం ఎర్రబడిందంటాం. భయపడితే పాలిపోయిందంటాం. ఓడిపోయి, మాట పడి వచ్చినవాడి ముఖం మాడిపోయిందంటాం, నల్లబడిందంటాం. ఏమీ అర్థంకానివాడు తెల్లమొహం వేస్తాడు. మంచి కబురు వింటే ముఖం వెలిగిపోతుంది. ఈ మాటలన్నింటిలోనూ రంగు మారడం నిజాన్ని బయటపెట్టే పనే చేస్తోంది. నోరు ఎంత దాచినా ముఖం చెప్పేస్తుందని మనకు తెలుసు, పంచాయితీలో పెద్దమనుషులు నిందపడ్డవాడి ముఖం వైపే చూస్తారు. ఓడిన ఊసరవెల్లి నల్లబడటమూ, ఓడినవాడి ముఖం మాడిపోవడమూ ఒకే సంగతి. మనిషి ముఖం మీద నిజమని నమ్మే గుర్తును ఆ ప్రాణి ఒంటి మీద అబద్ధమని ఎలా అన్నామో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

నా వాదనకు అడ్డొచ్చే సాక్ష్యం లేదని చెప్పను, అలా చెబితే నేనూ ఆ రోజు చీర దగ్గర కూర్చున్న పిల్లవాణ్ణే అవుతాను. దాగుడు కోసం రంగు సవరించుకునే ఊసరవెల్లులు ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని ఒక మరుగుజ్జు జాతి పక్షి బొమ్మ ఎదురైతే ఒక రకంగానూ, పాము బొమ్మ ఎదురైతే ఇంకొక రకంగానూ రంగు సర్దుకుంటుందనీ, పక్షి ముందు పరిసరాలకు మరింత దగ్గరగా కలిసిపోతుందనీ స్టువర్ట్-ఫాక్స్ బృందమే చూపించింది. ఎండకూ దీనిలో పాత్ర ఉంది. నమీబ్ ఎడారిలోని ఊసరవెల్లి తెల్లవారి చలిలో నల్లగా మారి ఎండను పీల్చుకుంటుంది, నేల మాడే వేళకు లేత బూడిద రంగుకు తిరుగుతుంది. మన దగ్గర కూడా శీతాకాలం పొద్దున్నే కంచె మీద ముదురు రంగులో కదలకుండా ఉన్నదాన్ని చూశాను. దాన్ని కోపమని చదివితే నా తప్పే. కాబట్టి రంగుకు కారణం ఒక్కటే అని నేను అనడం లేదు. భయం, కోపం, చలి, ఎండ, గెలుపు, ఓటమి, ఇవన్నీ ఉన్నాయి. ఎక్కడ కూర్చుంటే ఆ వస్తువు రంగుకు మారడమనే ఒక్కటి మాత్రం లేదు. రంగురంగుల కళ్ళద్దాల మీద నడుస్తూ ఒక్కొక్క అద్దం రంగుకు మారిపోయే ఊసరవెల్లి వీడియో వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. అది ప్రకటన కోసం అల్లిన మాయ.

రాత్రిపూట చూస్తే ఈ సంగతి మరీ స్పష్టంగా తెలుస్తుంది. నిద్రపోతున్న ఊసరవెల్లి లేతగా, దాదాపు తెల్లగా పాలిపోయి ఉంటుంది. టార్చి వేస్తే ముదురు ఆకుల మధ్య ఎండిన ఆకులా తేలి కనబడుతుంది. వాటి మీద పరిశోధన చేసేవాళ్ళు వెతుక్కోవడానికి రాత్రే వెళ్తారు. పగలు మా చేని గట్ల మీద ఏళ్ళ తరబడి వెతికి రెండో మూడో చూసిన నేను, ఒకసారి లంకమల అడవి అంచున రాత్రి గంటసేపు నడిచి అంతకంటే ఎక్కువ చూశాను.

ఊసరవెల్లి దొరక్కపోతే మా వైపు గుట్టలెక్కినా చాలు. పెనుకొండ, గుత్తి లాంటి చోట్ల బండల మీద ఒక రకం తొండ ఉంటుంది, శాస్త్రంలో దాన్ని దక్షిణ భారత రాతి తొండ అంటారు. అది మామూలు తొండ కాదు, ఊసరవెల్లి అంతకన్నా కాదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు దీని మగవాటిని గమనించి, ఇంకొక మగది ఎదురైతే వీపు పసుపు, పక్కలు నారింజ అవుతాయనీ, ఆడది ఎదురైతే వీపు ఎరుపు, పక్కలు నలుపు అవుతాయనీ చెప్పారు. ఆడదాని ముందు రంగుల తేడా ఎక్కువ, మగదాని ముందు మారే వేగం ఎక్కువ. బండ రంగు ఆ రెండు సందర్భాల్లోనూ బండ రంగే. మే నెల ఎండలో గుట్ట మీద టోపీ పెట్టుకొని అరగంట కూర్చోగల ఓపిక ఉంటే, సూక్ష్మదర్శిని అక్కర లేకుండా ఈ వ్యాసంలోని సగం వాదన కళ్ళతో చూడవచ్చు.

ఇక రాజకీయాల మాట రాక తప్పదు, ఎందుకంటే ఈ ప్రాణి పేరు మనం రోజూ వినేది అక్కడే. పార్టీ మారినవాణ్ణి ఊసరవెల్లి అంటాం. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు తెచ్చి ఫిరాయింపులకు అడ్డుకట్ట వేయాలనుకున్నారు. ఆ కట్టకు ఎన్ని గండ్లు పడ్డాయో మన జిల్లాల్లో కండువాల చరిత్ర తెలిసినవాళ్ళకు చెప్పనక్కర లేదు. కండువా మార్చినవాడు చేసేదేమిటి? లోపల ఏముందో తెలియనీయకుండా, ఎక్కిన వేదిక రంగులో కలిసిపోతాడు. అధికారం ఎటుంటే అటు తిరుగుతాడు, ఓడినప్పుడు కూడా గెలిచినట్టే నవ్వుతాడు. ఊసరవెల్లి ఓడితే నల్లబడి పక్కకు తప్పుకుంటుంది. కోపం వస్తే, ఆకుల్లో ఉన్న రక్షణను వదులుకొని, పైన తిరిగే డేగకు కూడా కనబడేలా కోపాన్ని ఒళ్ళంతా వేసుకుంటుంది. అలాంటి నాయకుడు మనకు ఒక్కడు దొరికినా జిల్లా బాగుపడేది. ఆ పెద్దమనుషులకు గోడమీద పిల్లి అనే పోలిక ఎప్పటి నుంచో ఉంది, అదే చక్కగా అతుకుతుంది. పిల్లి ఏమీ అనుకోదు.

భాషలో పడ్డ నింద భాషలోనే ఉండిపోతే నేనింత పట్టించుకొనేవాణ్ణి కాను. విషం లేని, మనిషిని వెంటపడి కరవని, చేలో మిడతలనూ పురుగులనూ తినే ప్రాణిని మా పల్లెల్లో కనబడితే రాళ్ళతో కొడతారు. కొట్టేవాడు విషప్పురుగనీ అంటాడు, మోసగాడనీ అంటాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చిన సంగతి ఆ రాయి పట్టుకున్నవాడికి తెలియదు. చేల చుట్టూ ఉండే కిత్తనార, కలేకాయ, తంగేడు కంచెలు పోయి రాతి కూసాలూ ఇనుప తీగెలూ వచ్చాక అది ఎక్కడానికి కొమ్మ కూడా కరువైంది. కంచె నుంచి కంచెకు పోవాలంటే రోడ్డు దాటాలి. దాని నడక నేను ముందే చెప్పాను.

పోయిన వానాకాలం గుత్తి దాటాక 44వ నంబరు జాతీయ రహదారి నుంచి ఊళ్ళోకి తిరిగే దారిలో అలా దాటుతున్నదాన్ని చూసి బండి ఆపాను. వెనక మా మేనల్లుడు కూర్చొని ఉన్నాడు, ఇంటర్ చదువుతున్నాడు. తారు మీద అది ఒక కాలు గాల్లోకి ఎత్తి ఊగుతూ నిలబడి ఉంది. నేను ఎండిన కొమ్మ ఒకటి ముందు పెడితే ముందు బుస్సుమని, తర్వాత వేరే దారి లేక దాని మీదికి ఎక్కింది. అప్పటికే ఒళ్ళంతా నల్లని చుక్కలు. మావాడు ఫోను తీసి, "మామా, నా ఎర్ర బ్యాగు మీద పెట్టు, ఒక్క వీడియో" అన్నాడు. నేనేమీ అనలేదు. కొమ్మను తీసుకెళ్ళి గట్టు మీది వేపచెట్టుకు ఆనించాను. అది ఆకుల్లోకి ఎక్కడానికి చాలాసేపు పట్టింది, ఎక్కిన తర్వాత కూడా నల్లగానే ఉంది. ఆకుల్లో ఉన్నాక పచ్చబడాలి కదా అని మావాడు అడిగాడు. ఇటు రమ్మని వాణ్ణి పిలుచుకొని రోడ్డుకు ఇవతల బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాం. రెండు లారీలు పోయాయి. మూడోది పోయాక మావాడు ఫోనులో బొమ్మను పెద్దది చేసి చూసి, "మామా, చుక్కలు పోతాండాయి" అన్నాడు.